హెచ్‌ఐవీ మందుల మీద అర్ధసత్యాలు, ఫోన్‌లో ఒక పులి–మేక ఆట

హెచ్‌ఐవీ ఉన్నవారి మధ్య తిరిగే తప్పుడు సమాచారం గురించి మాట్లాడేవారిలో చాలామంది మనసులో ఒకే చిత్రం ఉంటుంది. ఎక్కడో ఒక మోసగాడు పచ్చి అబద్ధం పుట్టిస్తాడు, ఫోన్‌లో అది చేతులు మారుతుంది, అమాయకుడొకడు నమ్మి మాత్రలు మానేస్తాడు. కాబట్టి అబద్ధాన్ని గుర్తుపట్టడం నేర్పితే సరిపోతుందని అనుకుంటాం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కొన్నేళ్లు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కౌన్సెలర్‌గా పనిచేసిన నాకు ఈ చిత్రం అసంపూర్ణంగా కనిపిస్తుంది. నా ఎదుట కూర్చున్నవారి ప్రాణం మీదికి తెచ్చిన మాటల్లో ఎక్కువభాగం పచ్చి అబద్ధాలు కావు. అవి ఒకప్పుడు నిజమై తరువాత కాలం చెల్లినవి, వేరే మందు విషయంలో మాత్రమే నిజమైనవి, లేదా సగం దగ్గర ఆగిపోయిన నిజాలు. తిరుపతిలో కొందరు ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ విషయం మీద ఫోన్ ఆట తయారుచేస్తామని వచ్చి నా సాయం అడిగినప్పుడు నేను మొదట చెప్పినది కూడా ఇదే.

ఉదాహరణకు, సీడీ ఫోర్ కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) బాగా ఉంటే మందు అక్కరలేదన్న మాటను తీసుకుందాం. ఇది ఎవరో కల్పించినది కాదు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తరువాత చాలా ఏళ్లు సీడీ ఫోర్ సంఖ్య ఒక హద్దు కంటే పడిపోయినవారికే మందు మొదలుపెట్టేవారు. ఆ హద్దు ఒక దశలో 350, తరువాత 500 అయింది. పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు ఇవ్వాలన్న విధానం 2017లో వచ్చింది. అంతకు ముందు పరీక్ష చేయించుకుని, నీకు ఇప్పుడే మందు వద్దని సాక్షాత్తు ఆసుపత్రిలోనే విన్న మనిషి, ఆ మాటను ఈరోజు కొత్తగా పాజిటివ్ అని తేలిన తన బంధువుకు నమ్మకంగా చెబుతాడు. అతడు అబద్ధమాడడం లేదు. తాను విన్న నిజాన్నే చెబుతున్నాడు.

మాత్ర రాత్రి పడుకునే ముందే వేసుకోవాలన్న నియమం కూడా ఇటువంటిదే. పాత కాంబినేషన్‌లో ఎఫావిరెంజ్ ఉండేది. అది తల తిప్పడం, పీడకలలు తెచ్చేది కనుక రాత్రి వేసుకోమనేవారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. దీన్ని రోజూ ఒకే వేళకు, తమకు వీలైన ఏ వేళలోనైనా వేసుకోవచ్చు. ఆ సంగతి తెలియక, రాత్రి పూట కాపలా పని చేసేవారు, తెల్లవారుజామున పూలమార్కెట్‌కు వెళ్లేవారు పడుకునే వేళ కుదరలేదని మాత్ర వదిలేస్తుంటారు. పురటాసి అనే తమిళ నెల శనివారాల్లో ఒక్కపొద్దు ఉండేవారు తిండి తినకుండా మాత్ర ఎలా వేసుకోవాలని మానేస్తారు. నిజానికి డోలుటెగ్రావిర్ తిండితోనైనా, ఖాళీ కడుపుతోనైనా పనిచేస్తుంది. మందు కిడ్నీలను పాడుచేస్తుందన్న భయంలోనూ కొంత నిజం ఉంది. టెనోఫోవిర్ వల్ల కొద్దిమందిలో మూత్రపిండాలకు ఇబ్బంది రావచ్చు, అందుకే క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష ఉన్నదే ఆ కొద్దిమందిని ముందుగా గుర్తించి మందు మార్చడానికి అన్న రెండో సగం మాత్రం ప్రచారంలో ఉండదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టినది మాత్రం వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించలేదన్న మంచి వార్త. మందులు చక్కగా వాడుతున్న మనిషి ఒక రోజు హఠాత్తుగా రావడం మానేస్తాడు. కొన్ని నెలల తరువాత నోటిలో పుండ్లతో, తగ్గని జ్వరంతో వస్తాడు. ఎందుకు ఆపావన్నా అని అడిగితే, “వైరస్ కనపడలేదని కాగితంలో రాసిండారు గదా మేడం, లేనిదానికి మాత్తర్లు దేనికని నిలిపేసినా” అంటాడు. ఆ వాదనలో తర్కం ఉంది. ఆ పరీక్ష చూసేది రక్తంలో తిరుగుతున్న వైరస్‌ను మాత్రమే. హెచ్‌ఐవీ తన జన్యుపదార్థాన్ని మన కణాల డీఎన్‌ఏలోనే అతికించుకుని నిద్రపోతున్నట్టు ఉండిపోగలదు, అక్కడికి మాత్ర చేరలేదు, పరీక్షా చేరలేదు. మందు ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ తిరిగి రక్తంలోకి వస్తుంది. సీడీ ఫోర్ బాగున్నప్పుడు మందు ఆపి, పడిపోయినప్పుడు మళ్లీ మొదలుపెడితే మేలేమోనని 33 దేశాల్లో 5,472 మందితో స్మార్ట్ అనే పెద్ద పరీక్ష జరిపారు. విరామం ఇచ్చినవారిలో జబ్బులు, మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2006లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపి, అందరికీ మందు కొనసాగించమన్నారు. అంటే ఈ ప్రశ్న మన అన్నకు మాత్రమే వచ్చినది కాదు, ప్రపంచంలోని పెద్ద వైద్యులకూ వచ్చింది, దానికి జవాబు దొరికింది. ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివారి ముఖంలో తలవంపు తగ్గడం నేను చూశాను, అందుకే దీన్ని ఎప్పుడూ వదలకుండా చెప్పేదాన్ని.

పచ్చి అబద్ధాలు లేవని కాదు. హెచ్‌ఐవీని పూర్తిగా నయం చేస్తామని పసరు మందులు, పొడుల డబ్బాలు అమ్మేవారు ఉన్నారు. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందు తయారీదారూ చెప్పుకోకూడదని మన ఔషధ నియమాల్లోని జే షెడ్యూల్ స్పష్టంగా నిషేధించింది, ఆ పట్టికలో మొదటి పేరే ఎయిడ్స్. అధికారంలో ఉన్నవారే అబద్ధాన్ని నమ్మితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూపించింది. అధ్యక్షుడు థాబో ఎంబెకీ హెచ్‌ఐవీ వల్లనే ఎయిడ్స్ వస్తుందన్న విషయాన్నే శంకించిన ఆ కాలంలో, ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్‌ల గుణాలు చెబుతూ కూర్చున్నారు. 2000 నుంచి 2005 వరకు మందులు ఆలస్యం కావడం వల్ల 3 లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు. గాంబియాలో 2007లో దేశాధ్యక్షుడు యహ్యా జామే స్వయంగా మూలికలతో నయం చేస్తానని ప్రకటించి, రోగుల చేత ఏఆర్‌టీ మాన్పించాడు.

అయినా మన దగ్గర పసరు మందు వెతుక్కుంటూ వెళ్లే మనిషిని అజ్ఞాని అనడానికి నాకు మనసొప్పదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చే ప్రాంతం ఇది. వంశపారంపర్యంగా వచ్చిన చేతివైద్యం వల్ల మేలు పొందిన తాతను, మేనమామను కళ్లారా చూసినవాడికి, ఆసుపత్రి బయటి వైద్యం మీద నమ్మకం కుటుంబ అనుభవం నుంచే వచ్చింది. ఎముక తనంతట తాను అతుక్కునే గుణం ఉన్నది, వైరస్ తనంతట తాను పోయే గుణం ఉన్నది కాదు అన్న తేడాను చెప్పాలి. నమ్మకాన్ని ఎగతాళి చేస్తే ఆ మనిషి మళ్లీ మన దగ్గర నోరు విప్పడు.

ఇక ఆటల సంగతి. హెచ్‌ఐవీ మీద ఫోన్ ఆటలు మన దేశానికి కొత్త కాదు. 2005 డిసెంబరు 1న, స్మార్ట్‌ఫోన్లు రాకముందే, ఢిల్లీకి చెందిన జడ్‌ఎంక్యూ అనే సంస్థ మామూలు ఫోన్లలో ఆడుకునే నాలుగు ఆటలను విడుదల చేసింది. అందులో ఒకటి క్రికెట్ ఆట. కెన్యాలో 11 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం తుమైనీ అనే కథా ఆటను చేశారు. జబ్బుతో ఉన్నవారు మందు సరిగా వాడేలా ఆట చేయగలదా అన్న ప్రశ్నకు గట్టి జవాబు క్యాన్సర్ వైపు నుంచి వచ్చింది. రీ-మిషన్ అనే వీడియో ఆటను 34 ఆసుపత్రుల్లోని 375 మంది యువరోగుల మీద పరీక్షించి, ఆడినవారు మందులు మరింత క్రమంగా వాడారని 2008లో ప్రకటించారు.

తప్పుడు సమాచారానికి విరుగుడుగా ఆటను వాడే ఆలోచన వేరే దారిలో వచ్చింది. బలహీనపరిచిన క్రిమిని ముందుగా ఎక్కించి టీకా శరీరాన్ని సిద్ధం చేసినట్టే, బలహీనపరిచిన అబద్ధాన్ని ముందుగా చూపించి మనసును సిద్ధం చేయవచ్చని అమెరికా మనస్తత్వవేత్త విలియం మెక్‌గ్వైర్ 1960ల్లో ప్రతిపాదించారు. దాని ఆధారంగా కేంబ్రిడ్జ్ పరిశోధకులు జాన్ రూజెన్‌బీక్, సాండర్ వాన్ డెర్ లిండెన్ 2018లో బ్యాడ్ న్యూస్ అనే ఆటను, కోవిడ్ కాలంలో గో వైరల్ అనే అయిదు నిమిషాల ఆటను తెచ్చారు. వాటిలో ఆడేవారే అబద్ధాలు వండే పాత్ర పోషిస్తారు. దొంగ నిపుణుణ్ణి సృష్టించడం, భయం రేపడం, కుట్ర కథ అల్లడం స్వయంగా చేసి చూస్తారు కనుక బయట ఆ ఎత్తులు కనిపించినప్పుడు గుర్తుపడతారు.

మా విద్యార్థులు మొదట అటువంటిదే చేద్దామన్నారు. నేను ఒప్పుకోకపోవడానికి కారణాలు ఉన్నాయి. ఇటువంటి ఆటలు ఆడినవారు అబద్ధాన్నీ నిజాన్నీ వేరుచేయడంలో మెరుగుపడుతున్నారా, లేక అన్నింటినీ ఎక్కువగా అనుమానిస్తున్నారా అని 2023లో మరికొందరు పరిశోధకులు పాత ఫలితాలను మళ్లీ విశ్లేషించి, రెండోదే జరుగుతున్నట్టు కనిపిస్తోందన్నారు. ఎన్నికల పుకార్ల విషయంలో కాస్త అనుమానం పెరిగినా నష్టం లేదేమో. హెచ్‌ఐవీ విషయంలో నష్టం ఉంది, ఎందుకంటే ఇక్కడ నమ్మశక్యం కాని మాటల్లో కొన్ని నిజమైనవి. మందు క్రమంగా వాడి వైరల్ లోడ్ గుర్తించలేని స్థాయికి దిగిన మనిషి నుంచి లైంగికంగా భాగస్వామికి వైరస్ సోకదు. భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్నవారు, స్వలింగ జంటలు పాల్గొన్న పార్ట్‌నర్ అధ్యయనాల్లో, 2016లో 58 వేల సార్లు, 2019లో స్వలింగ జంటల్లో దాదాపు 76 వేల సార్లు కండోమ్ లేని కలయికలు నమోదైతే, భాగస్వామి నుంచి సోకిన సంఘటన ఒక్కటీ తేలలేదు. ఇంట్లో వేరే కంచంలో తింటూ, కన్నబిడ్డను ముద్దుపెట్టుకోవడానికి జంకుతూ బతికే తల్లికి ఈ వార్త వాట్సాప్‌లో వస్తే, ఆమె దాన్ని అనుమానించాలా, నమ్మాలా? అనుమానం ఒక్కటే నేర్పిన ఆట ఆమె చేత ఈ నిజాన్ని కూడా చెరిపించేస్తుంది.

మన దేశంలో వచ్చిన ఫలితాలు కూడా జాగ్రత్త చెబుతున్నాయి. వాట్సాప్ గ్రూపును పోలిన ఆటను మన దేశంలో పరీక్షించి, చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదని కేంబ్రిడ్జ్ బృందమే 2023లో నిజాయితీగా ప్రకటించింది. 2019 ఎన్నికల వేళ బీహార్‌లో 1,224 మందితో సుమిత్ర బద్రీనాథన్ చేసిన ప్రయోగంలో గంటసేపు ముఖాముఖి ఇచ్చిన శిక్షణ కూడా మొత్తం మీద ఫలించలేదు. అదే బీహార్‌లో తరువాత 13 వేల మందికి పైగా బడిపిల్లలకు, ఆరోగ్య పుకార్లను ఎలా తూచాలో కొన్ని వారాలపాటు విడతలుగా, తరగతిలో కూర్చోబెట్టి నేర్పితే ప్రభావం నెలల తరువాత కూడా నిలిచింది, తల్లిదండ్రులకు సైతం కొంత అందింది. ఒకసారి ఆడి పక్కన పడేసే ఆట కంటే, తెలిసిన మనిషి పక్కనుండగా పదేపదే ఆడే ఆట మేలని నేను దీని నుంచి గ్రహించాను. ఏఆర్‌టీ కేంద్రానికి మందుల కోసం ఎలాగూ వస్తూ ఉండాలి, వచ్చినప్పుడు వరుసలో కాచుకోవాలి. ఆ సమయమే మా తరగతి కాగలదు.

ఆట రూపం మీద చాలా చర్చ జరిగింది. వైకుంఠపాళి అందరికీ తెలుసు కనుక అదే బాగుంటుందని ఒక అమ్మాయి అంది. ఆ పటంలో పాము కరవడం పాపానికి ఫలం, నిచ్చెన పుణ్యానికి ఫలం. పాపం చేశావు కనుకనే ఈ జబ్బు వచ్చిందని ఇంటా బయటా విన్నవారి చేతికి మళ్లీ ఆ పటాన్నే ఇవ్వడం నాకు సుతరామూ ఇష్టం లేకపోయింది. పైగా అక్కడ అంతా పాచిక ఇష్టం, ఆడేవారి చేతిలో ఏమీ ఉండదు. చివరికి పులి–మేక ఖాయమైంది. మన పాత గుడి మండపాల బండల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి, పల్లెల్లో పెద్దవారికి ఎత్తులు కూడా గుర్తున్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు పులిని చంపలేవు. ఖాళీ లేకుండా నిలబడి పులిని కదలనివ్వకుండా కట్టేయడమే వాటి గెలుపు. మా ఆటలో పులి అంటే వైరస్, మేకలంటే రోజూ వేసుకునే మాత్రలు. ఏఆర్‌టీ చేసే పని సరిగ్గా ఇదే. పులి ఎటూ కదలలేని స్థితే వైరల్ లోడ్ కనిపించని స్థితి. అప్పుడు ఫోన్‌లో ఒక సందేశం వస్తుంది: పులి కదలడం లేదు, పోయినట్టే, మేకలను తీసేయవచ్చు. ఆడేవారు తీసేస్తే ఏమవుతుందో పటం మీద కళ్లముందే జరుగుతుంది. నేను ఎన్నో మాటల్లో చెప్పలేకపోయినదాన్ని ఆ పటం రెండు మూడు ఎత్తుల్లో చూపించింది.

దీనికి మేము చేసిన మార్పుల్లో ఒకదాని కోసం నేను గట్టిగా పట్టుబట్టాను. ఒక్క రోజు మాత్ర తప్పితే ఆట ఓడిపోకూడదు. మాత్ర ఒకటి మరిచిన మనిషి, ఎలాగూ తప్పింది కదా అని మిగిలినవి కూడా వదిలేయడమే కేంద్రంలో మేము చూసే అసలు ప్రమాదం. అందుకే ఒక మేక ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే పెట్టుకోవచ్చు. రెండు మేకలను ఒకేసారి పెట్టే వీలు మాత్రం లేదు, రెండు మాత్రలు ఒకేసారి మింగకూడదు కనుక. ఖాళీలు పదేపదే వదిలితే పులికి ఒక కొత్త గీత మీద నడిచే శక్తి వస్తుంది, అది ఇక ఎప్పటికీ పోదు. మందుకు లొంగని వైరస్ పుట్టడాన్ని ఇంతకంటే సులభంగా చూపించే మార్గం మాకు తోచలేదు. ఓడినప్పుడు మనిషి చనిపోయినట్టు చూపించడం, ప్రాణాలు లెక్కపెట్టడం, ఎవరెక్కువ మార్కులని పట్టిక వేయడం పూర్తిగా తీసేయించాను.

సందేశాలను తూచే పద్ధతి కూడా నిజం, అబద్ధం అని రెండు బొత్తాల మీద నడవదు. ఈ మాట ఏ మందు గురించి, ఏ కాలం నాటిది, మిగతా సగం ఏమిటి అని అడుగుతుంది. రాత్రే వేసుకోవాలన్న సందేశాన్ని తెరిస్తే పాత మాత్ర బొమ్మ కనిపిస్తుంది. మాత్తర్లు ఒంటికి వేడి, ఎండాకాలం ఆపుకోమన్న సందేశాన్ని తెరిస్తే, తిరుపతి ఎండలో దప్పిక, నీరసం ఎవరికైనా వస్తాయని, మందు ఆపడానికి అది కారణం కాదని ఒక ఆడగొంతు చిత్తూరు మాటతీరులో చెబుతుంది. నమ్మదగిన సందేశాలు కూడా వాటి మధ్య కలిసే ఉంటాయి. భాగస్వామికి సోకదన్న వార్తను గుర్తించి ఉంచుకున్నవారికి అదనపు మేక దొరుకుతుంది.

ఫోన్ విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త పడవలసి వచ్చింది. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందిది ఇంటిల్లిపాదీ వాడే ఫోన్. అత్తగారు, పిల్లలు, పక్కింటివారు కూడా తీసి చూస్తారు. కాబట్టి ఆట పైకి వట్టి పులి–మేక ఆటగానే కనిపిస్తుంది. ఎర్ర రిబ్బన్ గుర్తు లేదు, హెచ్‌ఐవీ అన్న మాట బయట ఎక్కడా లేదు, గుర్తుచేసే సందేశాలు రావు, ఫోన్ నంబరు, పేరు అడగదు, నెట్ లేకుండా నడుస్తుంది. మందుల భాగం కౌన్సెలర్ చూపించిన ఎత్తు వేస్తేనే తెరుచుకుంటుంది, ఒక్క తాకుతో మూసుకుపోతుంది. చదవడం రానివారికి ఇయర్‌ఫోన్‌లో మాట వినిపిస్తుంది. మనవడి చేత చదివించుకోమనడం ఈ జబ్బు విషయంలో కుదరదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. సమాచారమే సేకరించని ఆట నుంచి బయటపడేది కూడా ఏమీ ఉండదు.

ఇప్పటివరకు దీన్ని తెలిసిన కొద్దిమందితోనే ఆడించి చూశాం, ఇది పని చేస్తుందని చెప్పడానికి అది ఏమాత్రం చాలదు. పెద్దవయసువారు పటాన్ని పిల్లలకంటే వేగంగా అందుకోవడం, ఒకరి ఎత్తును పక్కవారు సరిచేస్తూ మందుల మాట తమంతట తామే మొదలుపెట్టడం మాత్రం నాకు ఎంతో ఆశ కలిగించింది. ఆట ముగిసిన తరువాత వారు అడిగిన ప్రశ్నలే మా తరువాతి పని. ఎక్కువమంది షుగరు మాత్రల గురించి, ఎముకల బలానికి వేసుకునే కాల్షియం గురించి, గ్యాసుకు తాగే మందు గురించి అడిగారు. ఇవి ఊహించిన భయాలు కావు, నిజంగా తెలుసుకోవలసినవి. డోలుటెగ్రావిర్ వాడేవారిలో మెట్‌ఫార్మిన్ మోతాదును వైద్యులు పరిమితం చేయవలసి వస్తుంది. కాల్షియం, ఐరన్ మాత్రలను భోజనంతో కలిపి అయితే డోలుటెగ్రావిర్‌తో పాటే వేసుకోవచ్చు, ఖాళీ కడుపున అయితే వాటికి రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తరువాత గానీ ఏఆర్‌టీ మాత్ర వేసుకోవాలి. గ్యాసుకు తాగే యాంటాసిడ్ మందుకు తిండితో నిమిత్తం లేకుండా ఆ ఎడం ఎప్పుడూ పాటించవలసిందే. ఈ మూడింటినీ పటంలోకి ఎలా తేవాలా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాం. వేరే ఏ మందు వాడుతున్నా ఏఆర్‌టీ వైద్యునికి చెప్పమన్న మాట అందులో తప్పక ఉంటుంది.

ఇది చదివేవారిలో ఎవరైనా ఏదో సందేశం చూసి, లేదా కాగితంలో వైరస్ కనపడలేదని రాశారు కదా అని మందు ఆపి ఉంటే, ఎన్ని నెలలు గడిచినా సరే, తమ ఏఆర్‌టీ కేంద్రానికి తిరిగి వెళ్లమని నా మనవి. మళ్లీ పరీక్షలు చేసి మందు ఇస్తారు, దానికి డబ్బు కట్టనక్కరలేదు. ఎవరితోనూ ముఖాముఖి మాట్లాడడం ఇష్టం లేకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థవారి ఉచిత సహాయ నంబరు.